సముద్రం లేని ఊళ్ళో ఉప్పుతీరం

ఢిల్లీ మహానగరంలో దొరకని వస్తువు లేదంటారు. గోంగూర దొరుకుతుంది. ఆవకాయకు కావలసిన ఆవపిండి, నువ్వులనూనె దొరుకుతాయి. తెలుగు పిల్లల కోసం ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ 1948లో స్థాపించబడి నేటికీ పాఠశాలలు నడుపుతున్నది. ఉగాదికి పంచాంగ శ్రవణమూ, సంక్రాంతికి ముగ్గుల పోటీలూ తప్పకుండా జరుగుతాయి. ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు తమవెంట తెచ్చుకోలేకపోయినది ఒక్కటే. అది సముద్రం.

కోస్తా జిల్లాలలో పుట్టి పెరిగినవారికి సముద్రం కేవలం చూసి ఆనందించే దృశ్యం కాదు. అది మధ్యాహ్నం దాటగానే వీచే తడిగాలి. కిటికీ ఊచలను ఏడాది తిరగకుండా తినివేసే తుప్పు. నిద్రలో సైతం చెవిని విడువని హోరు. దానిని పోగొట్టుకొన్నవారు తాము పోగొట్టుకొన్నది ఏమిటో కొన్నేళ్ళ దాకా గుర్తించరు. ఢిల్లీలో మే నెల వడగాలి వీచినప్పుడో, జనవరి మంచు కమ్మినప్పుడో, ఏ దిక్కుకు బయలుదేరినా వందల కిలోమీటర్లకు గాని కడలి కనబడదన్న సంగతి ఒక్కసారిగా గుండెకు తగులుతుంది.

అయినప్పటికీ ఢిల్లీ నడిబొడ్డు నుండి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, గురుగ్రామ్ దాటి ఫరూఖ్‌నగర్ పోయే దారి పక్కన, ఉప్పునేలను ఒరసి నిలిచిన నీటి అంచు ఒకటి ఉన్నది. అలలు లేవు, పడవలు లేవు. కాని ఆ నీటి ఒడ్డున నేల తెల్లబారి ఉంటుంది. శీతాకాలంలో వేల రెక్కల చప్పుడు వినిపిస్తుంది. దాని పేరు సుల్తాన్‌పూర్ జాతీయోద్యానం. విస్తీర్ణం సుమారు 143 హెక్టార్లు, అనగా మూడువందల యాభై ఎకరాలు. మన పల్లెటూళ్ళలో ఒక పెద్ద చెరువుకు మించదు.

ఉప్పు పండిన పల్లె

సుల్తాన్‌పూర్ పేరు ఒకనాడు పక్షుల వల్ల గాక ఉప్పు వల్ల ప్రసిద్ధికెక్కినది. ఈ ప్రాంతంలో భూగర్భజలం ఉప్పన. ఊరి చుట్టూ తవ్విన బావులలోని ఉప్పునీటిని ఎద్దులచేత తోడించి, లోతులేని మళ్ళలో పరచి, ఎండకు ఇగిరించి ఉప్పు తీసేవారు. సుల్తాన్‌పురీ ఉప్పు అని దానికి పేరు. పక్కనే ఉన్న ఫరూఖ్‌నగర్ 18వ శతాబ్దిలో ఫౌజ్‌దార్ ఖాన్ అనే నవాబు నిర్మించిన కోట ఊరు. ఈ ఉప్పు వ్యాపారం వల్లనే ఆ ఊరి బజారు కళకళలాడినది. ఆంగ్లేయుల కాలంలో గఢీ హర్సారూ నుండి అక్కడికి ఒక రైలు శాఖ కూడా వెలిసినది.

ఆ రోజులలో ఉప్పు అంటే ప్రభుత్వానికి బంగారం. ఉప్పుపన్ను ఎగవేయకుండా కాపలా కాయడానికి సింధునది నుండి మహానది వరకు సుమారు 3,700 కిలోమీటర్ల పొడవున సుంకపు సరిహద్దు ఒకటి ఏర్పడినది. అది ఢిల్లీ ప్రాంతం మీదుగానే పోయేది. చాలా చోట్ల ముళ్ళచెట్లను పెంచి దానిని దుర్భేద్యమైన కంచెగా మలిచారు. పన్నెండు వేలకు దగ్గరగా మనుషులు దానికి కావలి ఉండేవారు.

1867 నుండి 1870 వరకు ఆ సుంకాల శాఖకు కమిషనరుగా ఉన్న అధికారి పేరు పాఠకులకు వేరొక సందర్భంలో పరిచితమే. ఆయన అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. 1885లో భారత జాతీయ కాంగ్రెస్ స్థాపనకు పూనుకొన్నవాడు. ఆయనకు మూడవ ముఖం ఒకటి ఉన్నది. భారతదేశపు పక్షిశాస్త్రానికి ఆయనను పితామహుడంటారు. ఉద్యోగ ధర్మంగా దేశం తిరుగుతూ దారిలో పక్షులను సేకరించినాడు. 1872లో పక్షులకే పరిమితమైన ‘స్ట్రే ఫెదర్స్’ అనే పత్రికను ప్రారంభించినాడు. ఆయన లండన్ మ్యూజియమునకు ఇచ్చివేసిన పక్షి చర్మాలు, గుడ్లు వేలకు వేలు. ఉప్పును కాపలా కాసిన చేయి, పక్షులను లెక్కించిన చేయి ఒకటే కావడం చరిత్రలో చిత్రమైన కలయిక.

1870లో బ్రిటిష్ ప్రభుత్వం రాజస్థాన్‌లోని సాంభర్ ఉప్పుసరస్సును జైపూర్, జోధ్‌పూర్ సంస్థానాల నుండి కౌలుకు తీసుకొన్నది. రైలు మార్గాలు వచ్చాయి. సాంభర్ ఉప్పు తెల్లన, చవక. బావినీటితో చేసిన సుల్తాన్‌పూర్ ఉప్పు దాని ముందు నిలవలేకపోయినది. 20వ శతాబ్ది మొదటి పాతికేళ్ళు గడిచేసరికి ఆ పరిశ్రమ పూర్తిగా అడుగంటినది. మళ్ళు పూడిపోయాయి. మిగిలినది సేద్యానికి పనికిరాని చవిటినేల, వర్షాకాలంలో నీరు చేరే పల్లం. మనిషి వదలివేసిన ఆ చోటును పక్షులు వదలలేదు.

పెద్దాయన నడక

ఒక జనవరి ఉదయాన ఈ తీరాన్ని చూడడానికి వచ్చినవారిలో ఒక వృద్ధుడు ఉన్నాడు. వయస్సు డెబ్బై ఎనిమిది. బాపట్ల జిల్లా చినగంజాం ప్రాంతం ఆయనది. ఆ ఊరి ఉప్పుమళ్ళు ప్రసిద్ధమైనవి. ఆయన ఉద్యోగ జీవితమంతా ఆ మళ్ళ గట్లమీదనే గడిచినది. తండ్రి 1930లో దేవరంపాడు ఉప్పు సత్యాగ్రహ శిబిరాన్ని చూసి వచ్చినవాడు. ఆ కబుర్లు వింటూ పెరిగిన కుమారుడు స్వతంత్ర భారతంలో ఉప్పు శాఖలోనే గుమాస్తా అయినాడు.

భార్య పోయిన తరువాత కుమారుడు ఆయనను గురుగ్రామ్‌లోని తన తొమ్మిదవ అంతస్తు ఇంటికి తీసుకువచ్చినాడు. ఊరిలోని పెంకుటిల్లు తాళం పడినది. ఏడాదిన్నర గడిచేసరికి ఆ ఇంటికి మంచి బేరం వచ్చినది. కుమారుడు మూడు పర్యాయాలు ప్రస్తావించినాడు. "చూసుకొనేవారు లేని ఇల్లు నిలబడదు నాన్నగారూ, ఈ ధర మళ్ళీ రాదు," అన్నాడు. మాటలో తప్పేమీ లేదు. పెద్దాయన మూడుసార్లూ ఊరకుండినాడు. బలవంతం చేయడం కుమారుడికి ఇష్టం లేదు. సమాధానం చెప్పడం తండ్రికి చేతకాలేదు. ఇంటిలో ఆ ప్రశ్న భోజనాల బల్ల దగ్గర మరొక మనిషివలె కూర్చొని ఉండేది.

సుల్తాన్‌పూర్‌కు ఆయనను తీసుకువచ్చినది మనుమరాలు. కాలేజీలో చదువుకొంటున్నది, మెడలో దుర్భిణి వేసుకొని ఆదివారాలు పక్షులవెంట తిరగడం ఆమెకు అలవాటు.

"ఉప్పుచెరువు చూపిస్తాను, రండి తాతయ్యా," అన్నది.

"ఢిల్లీలో ఉప్పుచెరువేమిటే తల్లీ!" అని నవ్వి, చేతికర్ర పట్టుకొని బయలుదేరినాడు.

గేటు దాటిన తరువాత నడవవలసిందే. దారికి ఇరువైపులా తుమ్మచెట్లు. మంచు ఇంకా విడలేదు. మొదట శబ్దం వినిపించినది. వందల గొంతులు ఏకకాలంలో తక్కువ స్థాయిలో మాట్లాడుకొంటున్నట్లు నీటిమీదుగా ఒక కలకలం. పెద్దాయన ఆగి చెవి ఒగ్గినాడు. తరువాత మంచు పలుచనై నీరు కనబడినది. ఒడ్డున సన్నకాళ్ళ ఉల్లంకులు, నడిమధ్యను నామాలు పెట్టుకొన్నట్లుండే బొల్లికోళ్ళు, దూరాన సూదితోక బాతుల గుంపులు. ఎండిన కొమ్మమీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకొంటున్నది. అవతలి గట్టుమీద రెండు మనుబోతులు కదలక నిలబడి ఉన్నాయి.

చెరువు నడుమ మట్టిదిబ్బలు పోసి వాటిమీద నల్లతుమ్మ చెట్లు పెంచారు. వానలు కురిసి నీరు నిండిన తరువాత ఎర్రకాళ్ళ కొంగలు ఆ చెట్లమీద గూళ్ళు కట్టుకొంటాయి. చుట్టూ నీరున్నంత కాలమే ఆ గూళ్ళకు రక్ష. నీరు తగ్గితే నేలమీది జంతువులు దిబ్బలవరకు నడిచి వస్తాయి. మనుమరాలు ఈ సంగతులు చెబుతూ ఉంటే పెద్దాయన దృష్టి మాత్రం నేలమీద ఉన్నది. దారి పక్క మట్టి తెల్లగా పొరకట్టి, బూడిద చల్లినట్లున్నది. ఆయన నెమ్మదిగా వంగి చిటికెడు తీసి నాలుకపై వేసుకొన్నాడు.

"తాతయ్యా, అదేం పని!"

ఆయన ఉమ్మివేసి, పెదవులు తుడుచుకొన్నాడు.

"ఉప్పే. కాని చేదు కలిసినది. సముద్రపు నీటిని మడిలో ఇగరబెట్టినప్పుడు ముందు సున్నపు పదార్థం అడుగున దిగుతుంది. ఇరవై అయిదు డిగ్రీల చిక్కదనం వచ్చేసరికి మంచి ఉప్పు కడుతుంది. ఆపైన ఆశపడి ఆగినావా, చేదు దిగుతుంది. ఆ చేదునీటిని సకాలంలో వదలివేయడమే పనితనం. ఇక్కడ వదలేవాళ్ళు లేరు గనుక అన్నీ కలిసిపోయినవి."

మనుమరాలు ఆయనను ఏనాడూ అంతసేపు మాట్లాడగా వినలేదు. తొమ్మిదవ అంతస్తులో ఆయన పని తెలిసిన మనిషిగా కనబడడానికి అవకాశమే లేదు.

ఒక లేఖ

ఈ చెరువు నేటివరకు మిగలడానికి ఒక లేఖ కారణం. పీటర్ జాక్సన్ అనే ఆంగ్ల పాత్రికేయుడు రాయిటర్స్ వార్తాసంస్థ పక్షాన ఢిల్లీలో చాలాకాలం పనిచేసినాడు. 1953లో ఎవరెస్టు ఆరోహణ వార్తలు పంపినవారిలో ఆయన ఒకడు. ఢిల్లీ పక్షివీక్షకుల సంఘానికి ఆయన గౌరవ కార్యదర్శి. సెలవు దినాలలో సుల్తాన్‌పూర్ ఝీలుకు వచ్చి, అక్కడి పక్షులను చూసి, దీనికి రక్షణ లేకపోతే మిగలదని భావించినాడు. 1969లో ప్రకృతి సంరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ మహాసభ ఢిల్లీలో జరిగినప్పుడు ఈ విషయం వినిపించినాడు. తరువాత 1970లో ప్రధానమంత్రి ఇందిరా గాంధీకి లేఖ వ్రాసినాడు. పక్షులంటే ఆమెకు స్వయంగా ఆసక్తి ఉన్నది. 1971లో హర్యానా ప్రభుత్వం సుల్తాన్‌పూర్‌ను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించినది. దేశానికంతటికీ వర్తించే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది మరుసటి ఏడు, 1972లో. 1991లో ఇది జాతీయోద్యానమైనది. 2021లో రాంసార్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలల జాబితాకెక్కినది. అందులో చేర్చినప్పుడు ఇక్కడి పక్షిజాతులు 220కి పైగా ఉన్నట్లు పేర్కొన్నారు.

ఒక మనిషి వ్రాసిన లేఖకు ఇంత ఫలితం రావడం అరుదు. అయితే ఆ లేఖ ఒక్కటే చాలదనే సంగతి కూడ గ్రహించవలసి ఉన్నది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా, రోడ్లు వెడల్పు చేసినప్పుడల్లా ఆ లేఖను మళ్ళీ వ్రాసేవారు ఒకరు ఉండాలి.

ప్రపంచంలో ఇటువంటి చోట్లు మరికొన్ని ఉన్నాయి. మధ్యధరా సముద్రంలోని సిసిలీ ద్వీపాన వెండికారి అనే రక్షిత తీరం కలదు. అక్కడ కూడా ఒకనాటి ఉప్పుమళ్ళున్నాయి. అక్కడ కూడా అవి పాడుబడిన పిమ్మట పక్షుల పాలైనాయి. 1984లో దానిని ప్రకృతి రక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దానిలోపల కొండరాళ్ళ నడుమ కాలమోస్కె అనే చిన్న ఇసుక తీరమున్నది. వాహనం దూరాన విడిచి కాలిబాటన నడిచి వెళ్ళినవారికి గాని అది దక్కదు. ఆ నడకే దానికి కాపలా. సుల్తాన్‌పూర్‌కు నీలి సముద్రం లేదు, కొండరాళ్ళు లేవు. కాని గేటు దగ్గర వాహనం దిగి, గొంతు తగ్గించి, ఒక గంట నడవగలిగినవారికే తన ఏకాంతాన్ని ఇవ్వడంలో రెండింటికీ పోలిక ఉన్నది.

ఏకాంతానికి వెల

ఏకాంతం సహజంగా దొరికే వస్తువని నగరవాసులు భ్రమపడతారు. ఢిల్లీ పరిసరాలలో అది నిజం కాదు. దానికి ఎవరో ఒకరు వెల చెల్లిస్తున్నారు. ఒకనాడు పశువులు దిగి నీరు త్రాగిన చెరువు చుట్టూ నేడు ప్రహరీ ఉన్నది. చుట్టుప్రక్కల పొలాలలో మనుబోతులు పడి మేసినప్పుడు నష్టపోయేది రైతు. ఈ త్యాగాలు సందర్శకుని కంటికి కనబడవు గనుక అవి లేవని కాదు.

నీటి సంగతి మరీ విచారకరం. రాజస్థాన్‌లో పుట్టిన సాహిబీ నది ఒకప్పుడు వర్షాకాలంలో పొంగి ఈ పల్లపు నేలలన్నిటిని తడిపేది. ఢిల్లీ సరిహద్దున నజఫ్‌గఢ్ ఝీలు అనే మహాజలాశయం విస్తరించి ఉండేది. వరదల భయంతో 1960ల దశకంలో కాలువను వెడల్పుచేసి దాని నీటిని యమునలోకి మళ్ళించారు. ఆ ఝీలు నేడు తన పూర్వవైభవంలో ఒక చిన్న తునక. సాహిబీపై ఆనకట్టలు వెలిశాయి. నది పేరుకు మాత్రం మిగిలినది. వానలు సరిపోని సంవత్సరాలలో సుల్తాన్‌పూర్ చెరువుకు కాలువ నీరో, గొట్టపుబావి నీరో ఇచ్చి నింపవలసి వస్తున్నది. అనగా పక్షులు ఆకాశమార్గాన వేలమైళ్ళు స్వశక్తితో వచ్చి, మనిషి త్రిప్పిన చక్రం మీద ఆధారపడిన నీటిలో దిగుతున్నాయి.

రక్షణ పొందిన చెరువు పరిస్థితి ఇది. రక్షణ లేని దాని సంగతి తెలుసుకోగోరేవారు గురుగ్రామ్ శివారున ఉన్న బసయి చిత్తడినేలను చూడవచ్చు. పక్షిశాస్త్రజ్ఞులు ముఖ్యస్థానంగా గుర్తించిన చోటే అది. దానికి చట్టం అండ లేకపోయినది. రోడ్లు, కట్టడాలు, కూల్చిన ఇళ్ళ శిథిలాలను పొడిచేసే కర్మాగారం దాన్ని చుట్టుముట్టాయి. రెండింటికీ నడుమ దూరం కొద్ది కిలోమీటర్లే. తేడా అంతా కాగితంమీద ఉన్న ఒక ప్రకటనలో ఉన్నది.

తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తది కాదు. మన కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రాంసార్ జాబితాకెక్కినది. అయినా చేపలచెరువుల గట్లు సరస్సు గొంతు నులిమివేయగా, 2006లో ప్రభుత్వమే పూనుకొని వాటిని తెగగొట్టవలసి వచ్చినది. ఆ గట్లమీద బ్రతికిన పేదలకూ, ఆ నీటిమీద బ్రతికే గూడబాతులకూ నడుమ న్యాయం తీర్చడం ఈనాటికీ సులభం కాలేదు.

రెండు ఇళ్ళు

మంచు పూర్తిగా విడిన తరువాత తాతా మనుమరాలూ కావలిమంచె ఎక్కి కూర్చొన్నారు. ఎదుటి గట్టున గడ్డి మేస్తున్న ఒక గుంపును ఆమె దుర్భిణిలో చూపించినది. బూడిదరంగు ఒళ్ళు, తెల్లని తల, తలవెనుక రెండు నల్లని చారలు.

"ఇవి హిమాలయాలు దాటి వచ్చే బాతులు తాతయ్యా. టిబెట్టు, మంగోలియా వైపు గుడ్లు పెడతాయి. ఏడువేల మీటర్లకు పైన ఎగురుతూ దాటుతాయట. చలికాలం ఇక్కడ గడిపి మళ్ళీ వెళ్ళిపోతాయి."

పెద్దాయన దుర్భిణి చాలాసేపు దింపలేదు.

"వాటి సొంత ఊరు ఏదంటావు?" అన్నాడు.

"పుట్టిన ఊరే కదా!"

"ఏమో. సంవత్సరంలో సగం కాలం తిండి పెట్టిన ఊరు సొంతం కాకపోతుందా? ఒక్కటి మాత్రం నిజం. ఇక్కడినుండి ఎగిరేటప్పుడు అక్కడ చెరువు ఉందని నమ్మి ఎగురుతాయి. అక్కడినుండి ఎగిరేటప్పుడు ఇక్కడ ఉందని నమ్ముతాయి. రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా రెండవది ఉండి ఏం లాభం?"

మనుమరాలికి తెలిసిన ఉదాహరణ ఒకటి ఉన్నది. సైబీరియా నుండి భరత్‌పూర్‌కు ప్రతి శీతాకాలమూ వచ్చే తెల్లని క్రౌంచపక్షులు ఏటేటా తగ్గుతూ వచ్చి, 2002 తరువాత మరి రాలేదు. భరత్‌పూర్ చెరువులు అక్కడే ఉన్నాయి. దారిలో, వేటగాళ్ళ మధ్య, ఎండిన మజిలీల మధ్య ఆ జాతిలోని ఆ శాఖ తెగిపోయినది. ఆమె ఆ సంగతి చెప్పినది. తాతగారు తల ఊపి ఊరకున్నాడు.

ఎండ కొంచెం ఎక్కిన తరువాత గుంపులో ఏదో అలికిడి పుట్టినది. బాతులన్నీ ఒక్కసారి లేచి, చెరువును చుట్టి, తిరిగి అదే గట్టున దిగినవి. వాటిని భయపెట్టినది డేగ కావచ్చు, పైన పోయే విమానం కావచ్చు. అవి మళ్ళీ తలలు వంచి మేయసాగినవి.

"మీ నాన్నతో నేను చెబుతాను," అన్నాడు పెద్దాయన. ఏ విషయమో మనుమరాలు అడగలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన చెప్పినది రెండు మాటలు. ఇల్లు అమ్మవద్దు. ఉప్పుమళ్ళలో పనిచేసే కుటుంబమొకటి అద్దె ఇల్లు వెతుక్కొంటున్నదని తనకు తెలుసు. సముద్రం వైపు గది ఒక్కటి తాళంవేసి ఉంచి, మిగిలినది వారికి ఇస్తే ఇల్లు కనిపెట్టి ఉంటారు. తాను ఇక్కడనే ఉంటాడు. పుష్యమాసంలో ఒక పదిహేను రోజులు అక్కడికి పోయి వస్తాడు. తనతో ఎవరు వస్తామన్నా మంచిదే.

కుమారుడు కొంతసేపు లెక్కలు వేసుకొన్నాడు. వచ్చే అద్దె పెంకులు మార్పించడానికి కూడా చాలదని అతనికి తెలుసు. దక్కవలసిన ధర దక్కకుండా పోవడం చిన్న విషయమేమీ కాదు. పిల్లదాని పైచదువు ముందున్నది. అయినా ఏడాదిన్నర తరువాత తండ్రి ఒక కోరిక నోటితో చెప్పినాడు. "అట్లాగే కానివ్వండి నాన్నగారూ," అన్నాడు. ఆ మాటలో సంతోషం ఎంత, సర్దుకుపోవడం ఎంత అనేది వేరుచేసి చెప్పడం కష్టం. కుటుంబాలలో చాలా నిర్ణయాలు ఇట్లాగే జరుగుతాయి.

చెరువుల విషయంలోనూ జరిగేది ఇంతకు భిన్నం కాదు. సుల్తాన్‌పూర్ నేలకు గజం ధర ఎంత పలుకుతుందో గురుగ్రామ్‌లో ప్రతివారికీ తెలుసు. ఆ మూడువందల యాభై ఎకరాలలో ఎన్ని భవనాలు లేవగలవో లెక్కకట్టడం ఒక పూట పని. ఆ లెక్కలో తప్పు కూడా ఉండదు. అయినప్పటికీ లాభం వచ్చే బేరాన్ని కాదని, రాకపోకలు సాగించేవారి కోసం ఒక గది తాళం వేసి ఉంచడం అనే సంప్రదాయం మానవ సమాజంలో ఉన్నది. సుల్తాన్‌పూర్ అటువంటి గది. 2010లో దాని చుట్టూ అయిదు కిలోమీటర్ల మేరకు పర్యావరణ దృష్ట్యా సున్నితమైన ప్రాంతంగా కేంద్ర ప్రభుత్వం హద్దులు ప్రకటించినది. ఆ హద్దులను మన్నించడమో, మరచిపోవడమో ఇక పౌరుల వంతు.

మార్చి వచ్చేసరికి చారల తల బాతులు ఉత్తరానికి మళ్ళుతాయి. వేసవి ముదిరితే నీరు వెనుకకు తగ్గి, ఒడ్డున ఉప్పుపొర వెడల్పవుతుంది. వానాకాలంలో కొన్ని నెలలపాటు సందర్శకులకు ప్రవేశముండదు. గూళ్ళు కట్టుకొనేవాటికి అది ప్రశాంత కాలం. తొలి జల్లులు కురియగానే ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి తుమ్మచెట్ల చుట్టూ తిరుగుతాయి. అవి వెంటనే పుల్లలు ఏరవు. దిబ్బలచుట్టూ నీరు నిండుతున్నదా లేదా అని ముందు చూసుకొంటాయి. నిండితేనే గూడు మొదలుపెడతాయి.